గంట కొట్టని పీరియడ్: ఐర్లండ్ కేథలిక్ బడుల్లో మతబోధన గొడవ వెనక కథ

డబ్లిన్ పక్కన లూకన్‌లో ఉండే మా స్నేహితుడి భార్య పోయిన వారం ఫోన్ చేసింది. "అన్నయ్యా, పాపని రెలిజియన్ క్లాసు నుంచి తప్పించమని రాసిచ్చాం. సరే అన్నారు. కానీ పాప ఎక్కడికీ వెళ్లదు. అదే గది, అదే కుర్చీ. రంగులేసుకోమని ఒక కాగితం ఇస్తారు. మిగతా పిల్లలంతా చేతులు జోడించి పాడుతుంటే ఇది తల వంచుకుని రంగులేస్తుంది" అంది. పాపకి ఏడేళ్లు. కాసేపటికి ఫోన్ తన చేతికి వచ్చింది. అన్నం తినే ముందు స్కూల్లో చెప్పే ప్రార్థనని ఇంగ్లీషులో ఒకసారి, ఐరిష్‌లో ఒకసారి తడుముకోకుండా అప్పజెప్పింది. తనని తప్పించిన క్లాసులో నేర్చుకున్నదే అది.

ఐర్లండ్‌లో సుమారు 3,100 ప్రాథమిక పాఠశాలలున్నాయి. వాటిలో నూటికి దాదాపు 90 కేథలిక్ చర్చి ఆధ్వర్యంలో నడుస్తాయి. టీచర్ల జీతాలు ప్రభుత్వమే ఇస్తుంది. కానీ స్కూలుకి 'పేట్రన్' అంటే పెద్దదిక్కు స్థానిక బిషప్పు. 2022 జనాభా లెక్కల్లో కేథలిక్కులమని రాసుకున్నవాళ్లు 69 శాతం. అంతకు ఆరేళ్ల ముందు 79 శాతం ఉండేవాళ్లు. ఏ మతమూ లేదన్నవాళ్లు 14 శాతం. హిందువులు 33 వేల పైచిలుకు, వాళ్లలో మన తెలుగువాళ్లూ బాగానే ఉన్నారు. 2025 చివర్లో అక్కడి విద్యాశాఖ, మీకు ఎలాంటి స్కూలు కావాలి అని తల్లిదండ్రులని అడుగుతూ దేశమంతా సర్వే పెట్టింది. దాంతో పాత గొడవ మళ్లీ రాజుకుంది. స్కూళ్లు చర్చి చేతిలో ఉండాలా వద్దా అన్న వాదనే అందరి నోటా వినిపిస్తోంది. లూకన్ పాప కుర్చీ సంగతి మాత్రం ఆ వాదనలో తేలదు. అది తేలాలంటే 1971కి వెళ్లాలి.

బ్రిటిష్ పాలన నాటి కథంతా ఇక్కడ అక్కర్లేదు. ఒక్క ముక్క చాలు. 1831లో ఈ ప్రాథమిక బడుల్ని 'జాతీయ పాఠశాలలు' అన్న పేరుతో మొదలుపెట్టినప్పుడు అన్ని మతాల పిల్లలూ చదువు కలిసి చదవాలని, మతం మాత్రం విడివిడిగా నేర్చుకోవాలని అనుకున్నారు. మతబోధన జరుగుతున్నంతసేపూ 'మతబోధన' అని రాసిన పలకని అందరికీ కనబడేలా తగిలించాలన్నది నిబంధన. పలక కనబడితే బయటికి వెళ్లాల్సిన పిల్లలు వెళ్లొచ్చు. కొన్నేళ్లలోనే స్కూళ్లు ఏ మతానికా మతంగా విడిపోయినా, ఈ విభజన మాత్రం కాగితం మీద నిలిచింది. మతానికో వేళ, చదువుకో వేళ.

1937 రాజ్యాంగం దీన్ని హక్కుగా మార్చింది. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ స్కూలుకైనా, అక్కడి మతబోధనకి హాజరు కాకుండానే వెళ్లి చదువుకునే హక్కు ప్రతి బిడ్డకీ ఉందని 44వ అధికరణం చెబుతుంది. మన రాజ్యాంగంలో ఆదేశిక సూత్రాలు ఐర్లండ్ నుంచి తెచ్చుకున్నవని స్కూల్లో చదువుకున్నాం. ఈ విషయంలో మాత్రం మనవాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. మన 28(3) ప్రకారం, గుర్తింపు ఉన్న లేదా ప్రభుత్వ నిధులు తీసుకునే బడిలో మైనర్ పిల్లలకి మతబోధన చెయ్యాలంటే ముందు తల్లిదండ్రుల అంగీకారం ఉండాలి. ఐర్లండ్‌లో లెక్క తిరగబడింది. వద్దనుకున్నవాళ్లే వెళ్లి వద్దని చెప్పుకోవాలి. కొత్త దేశంలో, స్కూల్లో సీటు దొరకడమే గొప్ప అనుకునే కుటుంబానికి ఆ చెప్పుకోవడం ఎంత టెన్షనో ఊహించుకోవచ్చు.

అయినా, పీరియడ్లు వేరుగా ఉన్నంతకాలం ఆ హక్కుకి ఒక అర్థం ఉండేది. నేను చదివింది గుంటూరు జిల్లాలో సిస్టర్లు నడిపిన బడిలో. గంట కొట్టగానే కేథలిక్ పిల్లలు సత్యోపదేశానికి, అంటే వాళ్ల మతపాఠానికి, చర్చి పక్కన హాల్లోకి వెళ్లేవాళ్లు. మిగతావాళ్లం మోరల్ సైన్స్‌కి గదిలోనే ఉండేవాళ్లం. మళ్లీ గంట కొడితే అందరం ఒకచోట చేరి లెక్కలు చేసేవాళ్లం. ఎవరి మతం ఏమిటో అందరికీ తెలుసు. కానీ ఎవరూ ఎవరి ప్రార్థన మధ్యలోనూ రంగులేసుకుంటూ కూర్చోలేదు. ఆ గంటే ఐర్లండ్‌లో మాయమైంది.

మొదటి దెబ్బ 1965లో పడింది. ఆ ఏడాది విద్యాశాఖ జాతీయ పాఠశాలల నిబంధనల్ని కొత్తగా అచ్చువేసింది. అందులో 68వ నిబంధన, పాఠ్యాంశాలన్నింటిలోకీ మతబోధనే అన్నిటికన్నా ముఖ్యమైనదని, మతస్ఫూర్తి బడి చేసే పనంతటిలోనూ నిండి దానికి జీవం పొయ్యాలని చెప్పింది. వెంటనే వచ్చే 69వ నిబంధన, తల్లిదండ్రులు వద్దన్న పిల్లలు బయటికి వెళ్లడానికి వీలుగా మతబోధన వేళలు పెట్టాలంది. మతం బడంతా నిండిపోవాలని ఒక నిబంధన, మతం జరిగే వేళ బయటికి పొమ్మని ఇంకో నిబంధన. వేరే మతం పిల్లలు క్లాసులో ఉన్నప్పుడు వివాదాస్పద విషయాలు ఎత్తకుండా టీచర్లు జాగ్రత్తపడాలని అంతకుముందు ఒక మాట ఉండేది. కొత్త ముద్రణలో అది లేదు. ఆ రోజుల్లో దేశంలో నూటికి 95 మంది కేథలిక్కులే కాబట్టి ఎవరికీ లోటుగా కనబడి ఉండదు.

అసలు మలుపు 1971. ఆ ఏడాది రెండు సంపుటాల కొత్త ప్రాథమిక పాఠ్యప్రణాళిక వచ్చింది. చాలా విషయాల్లో అది గొప్ప మార్పు, ఒప్పుకోవాలి. బట్టీ చదువుల నుంచి పిల్లల్ని బయటికి తెచ్చింది. పాఠాన్ని బిడ్డ జీవితంతో, చుట్టూ ఉన్న చెట్టూ చేమతో, బొమ్మలతో, పాటలతో కలిపింది. సబ్జెక్టుల మధ్య గోడలు తీసేసి చదువంతా ఒక్కటిగా చూడాలంది. ఆ ఊపులోనే మతబోధనకీ మిగతా చదువుకీ మధ్య గోడ కూడా పోవాలంది. రెండింటినీ వేరువేరు అరల్లో పెడితే మొత్తం విద్య పనే గాడి తప్పుతుందని ఆ పుస్తకం నేరుగా చెప్పింది. చెడ్డ ఉద్దేశంతో రాసిన మాట కాదు. కానీ పలక తగిలించిన రోజుల నుంచి నిలబడుతూ వచ్చిన ఏర్పాటు ఆ ఒక్క వాక్యంతో కూలిపోయింది. రాజ్యాంగం ఇచ్చిన హక్కు అలాగే ఉంది. దాన్ని వాడుకోవడానికి కావలసిన పీరియడ్ మాత్రం లేకుండా పోయింది.

క్లాసు గదిలో ఇది ఎలా కనబడుతుందో చూడండి. మూలన చిన్న బల్ల. దాని మీద కాలాన్ని బట్టి రంగు మారే గుడ్డ, ఒక కొవ్వొత్తి, బైబిలు. నవంబరులో చనిపోయినవాళ్ల స్మరణ. డిసెంబరులో క్రీస్తు పుట్టిన పశువుల పాక, దాని కోసం నెలంతా నాటకం రిహార్సల్స్. ఈస్టర్‌కి ముందు వచ్చే తపస్సు కాలంలో పేదల కోసం చిల్లర వేసే ట్రోకెరా అట్టపెట్టె. మే నెలలో మరియమాత బల్ల, పూలు. పాట సంగీతం పీరియడ్‌లో వస్తుంది, బొమ్మ డ్రాయింగ్‌లో వస్తుంది, ప్రార్థన పొద్దున్నా భోజనానికీ ఇంటికి వెళ్లేటప్పుడూ వస్తుంది. ఇందులో ఏది మతబోధన, ఏది చదువు? ఆ గీత టీచర్‌కే తెలియదు, తల్లిదండ్రులకి ఏం తెలుస్తుంది! వద్దని రాసిచ్చిన కాగితం ఏ పది నిమిషాలకి వర్తిస్తుందో చెప్పగలిగేవాళ్లు లేరు.

1998లో విద్యాచట్టం వచ్చింది. తల్లిదండ్రుల అంతరాత్మకి విరుద్ధమైన ఏ సబ్జెక్టుకీ పిల్లల్ని బలవంతంగా కూర్చోబెట్టకూడదని అందులో 30వ సెక్షన్ అంటుంది. స్కూలు స్వభావానికి, కేథలిక్ బడిలో అయితే మతానికి, సంబంధించిన సబ్జెక్టులకి రోజూ తగినంత సమయం కేటాయించాలన్నది కూడా అదే సెక్షన్. స్కూలు బోర్డు ఆ స్వభావాన్ని కాపాడాలని 15వ సెక్షన్. బిడ్డ ఎక్కడ కూర్చోవాలి, ఎవరు చూసుకోవాలి, ఆ సమయంలో ఏం చదవాలి అన్నది చట్టంలో లేదు. అదే ఏడాది ఐర్లండ్ సుప్రీంకోర్టు వేరే కేసులో చెప్పిన మాట ఇంకా బరువైనది. ఇంకో మతం బిడ్డ వచ్చి చేరినంత మాత్రాన ఆ బిడ్డ కోసం స్కూలు తన వాతావరణాన్ని మార్చుకోనక్కర్లేదు అన్నది. మతబోధన క్లాసు వేరు, వాతావరణం వేరు అన్నమాట. 1971 తర్వాత ఆ రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయన్న సంగతి ఆ తీర్పు పట్టించుకోలేదు.

చర్చి వైపు మాట కూడా చెప్పాలి. కేథలిక్ బడి అంటే ఒక పీరియడ్ కాదు, ఒక జీవన పద్ధతి అని వాళ్ల వాదన. తల్లిదండ్రుల్లో చాలామంది దాన్నే కోరుకుంటున్నారని అంటారు. కేరళ నుంచి వెళ్లిన నర్సుల కుటుంబాలకి, మన తెలుగు కేథలిక్ కుటుంబాలకి పిల్లల ప్రథమ దివ్యసత్ప్రసాదం (చర్చిలో మొదటిసారి పవిత్ర రొట్టె తీసుకునే వేడుక, ఫస్ట్ కమ్యూనియన్) స్కూలు స్నేహితులతో కలిసి జరగడం నిజంగా సంతోషమే. అయితే చర్చిలోనే ఇంకో గొంతు ఉంది. డబ్లిన్ ఆర్చిబిషప్పుగా ఉన్న డియర్మిడ్ మార్టిన్ 2009 నుంచే, ఇన్ని బడులు చర్చి చేతిలో ఉండటం నేటి కాలానికి సరిపోదని బహిరంగంగా చెబుతూ వచ్చారు. ఇలాంటి చర్చి సంస్కారాలకి పిల్లల్ని సిద్ధం చెయ్యడంలో స్థానిక చర్చి ఫాదర్లు, ఇంటివాళ్లు ఎక్కువ బాధ్యత తీసుకోవాలనీ అన్నారు.

తర్వాత జరిగినవన్నీ తలుపు దగ్గర జరిగిన మార్పులే. 2007లో డబ్లిన్‌కి ఉత్తరాన బాల్‌బ్రిగన్‌లో, కేథలిక్ బడుల్లో సీట్లు జ్ఞానస్నానం (బాప్తిస్మం) తీసుకున్న పిల్లలకే నిండిపోయి, మిగిలిన వలస కుటుంబాల పిల్లలకి అప్పటికప్పుడు వేరే స్కూలు తెరవాల్సి వచ్చింది. ఆ స్కూల్లో దాదాపు అందరూ నల్లజాతి పిల్లలే చేరారు. దేశం సిగ్గుపడింది. విద్యామంత్రి రువారీ క్విన్ 2011లో వేసిన నిపుణుల బృందం మరుసటి ఏడాది నివేదికలో 68వ నిబంధనని తీసెయ్యమంది, కొన్ని బడుల్ని చర్చి నుంచి బదిలీ చెయ్యమంది. ఆ నిబంధనని 2016 జనవరిలో రద్దు చేశారు. కేథలిక్ ప్రాథమిక బడులు సీట్లివ్వడానికి జ్ఞానస్నానం అడగకూడదని 2018లో చట్టం చేశారు. 2030కల్లా 400 బహుమత బడులు ఉండాలని లక్ష్యం పెట్టుకున్నారు. బదిలీ మాత్రం నత్తనడక, ఎందుకంటే ఏ ఊరికా ఊరు తమ బడి మారడానికి ఒప్పుకోదు.

అంటే మన పాప ఇప్పుడు లోపలికి వెళ్లగలదు. పదేళ్ల కిందటైతే సీటే అనుమానం. లోపలికి వెళ్లాక ఎక్కడ కూర్చుంటుందన్నది మాత్రం 1971లో ఎక్కడ ఆగిందో అక్కడే ఉంది. 2023 మార్చిలో కొత్త పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది. వారానికి రెండున్నర గంటలుండే మతబోధన సమయం రెండు గంటలైంది. పత్రికలు ఆ అరగంట గురించే రాశాయి. ఆ రెండు గంటలూ ఒకచోట ఉంటాయా, రోజంతా చెదిరి ఉంటాయా అన్న ప్రశ్న ఎవరూ పెద్దగా వెయ్యలేదు. నాకు అరగంట కన్నా అదే పెద్ద విషయం. రోజులో మొదటి పీరియడో చివరి పీరియడో మతానికి ఇచ్చేసి గంట కొడితే, వద్దనుకున్న పిల్లలు కాస్త ఆలస్యంగా రావచ్చు, లేదా కాస్త ముందే వెళ్లొచ్చు. స్కూళ్లు చేతులు మారే దాకా ఆగనక్కర్లేదు.

లూకన్ పాప వచ్చే సెప్టెంబరులో రెండో క్లాసుకి వెళ్తుంది. అక్కడ ప్రథమ దివ్యసత్ప్రసాదం ఆ క్లాసులోనే. ఫిబ్రవరి నుంచీ పాటలు, చర్చికి వెళ్లి రిహార్సల్స్, ఆఖరి వారాల్లో దాదాపు రోజూ. మే నెలలో ఒక శనివారం ఆడపిల్లలు తెల్ల గౌనుల్లో, తలమీద ముసుగుతో వరసగా నడుస్తారు. ఆ రిహార్సల్స్ వేళల్లో మా అమ్మాయి ఎక్కడ ఉండాలి అని తల్లి ఇప్పుడే స్కూలుకి మెయిల్ పెట్టింది. మర్యాదగానే జవాబు వచ్చింది: క్లాసుని విడిచి చూసుకోవడానికి అదనపు టీచర్ లేరు, మీకు అభ్యంతరం లేకపోతే పాప కూడా చర్చికి వచ్చి వెనక వరసలో కూర్చోవచ్చు.

పాప మాత్రం, "నాకూ తెల్ల గౌను కొంటారా అమ్మా?" అని అడిగిందట.