ఆదివారం మూసేసిన రోడ్డు మీద పుట్టిన ఫ్యాషన్

2017లో 'ఫ్రూట్స్' అనే జపాన్ వీధి ఫ్యాషన్ మాసపత్రిక ఆగిపోయింది. దాన్ని ఇరవై ఏళ్లు నడిపిన ఫోటోగ్రాఫర్ షోయిచి అయోకి చెప్పిన కారణం, ఫోటో తీయాలనిపించేలా తయారయ్యే పిల్లలు వీధిలో కనిపించడం లేదని. ఆ వీధి టోక్యోలోని హరజుకు అనే పేటది. అప్పటి నుంచి "హరజుకు ఫ్యాషన్ పని అయిపోయిందా" అని జనం వాదించుకుంటూనే ఉన్నారు. నన్నడిగితే, బట్టల సంగతి పక్కనపెట్టి ముందు ఆ నేల కథ చూడాలి.

1920లో అక్కడ మెయిజీ ఆలయం కట్టినప్పుడు దానికి దారిగా ఒమొతెసాందో అనే వెడల్పాటి రోడ్డు వేశారు. యుద్ధం తర్వాత ఆ పక్కనే అమెరికా సైనిక కుటుంబాల కాలనీ వచ్చింది, వాళ్ల కోసం బొమ్మల షాపులూ కానుకల షాపులూ వెలిశాయి. ఆ కాలనీ 1964 ఒలింపిక్స్‌లో క్రీడాకారుల బసగా, 1967లో యోయోగి పార్కుగా మారింది. అమెరికా వాళ్లు వెళ్లిపోయినా ఆ విదేశీ వాసన మాత్రం పోలేదు. డిజైనర్లు, ఫోటోగ్రాఫర్లు అక్కడే గదులు తీసుకున్నారు.

అసలు మలుపు 1977. ఆదివారాలు అక్కడి రోడ్డు మీద వాహనాలు ఆపేసి నడిచేవాళ్లకు వదిలేశారు. దాన్ని ముద్దుగా 'హోకోతెన్' అనేవాళ్లు, నడిచేవాళ్ల స్వర్గం అని. మరుసటి ఏడాది 'తకెనోకో' అనే బట్టల షాపు తెరిచారు. తకెనోకో అంటే వెదురు మొలక. అక్కడ కొన్న తళతళలాడే గులాబీ, ఊదా రంగు బట్టలు వేసుకుని కుర్రాళ్లు, అమ్మాయిలు గుంపులుగా దిగేవాళ్లు. వదులు పైజామా, చీలమండ దగ్గర బిగింపు, మెడలో పూసల దండలు. మధ్యలో పెద్ద టేప్ రికార్డర్ పెట్టి, చుట్టూ వలయం కట్టి, అందరూ ఒకే స్టెప్పు వేసేవాళ్లు. టికెట్ లేదు, స్టేజీ లేదు, అడిగేవాళ్లు లేరు. ఊళ్లో జాతరకు స్థలం వదిలినట్టు ఒక మహానగరం తన పిల్లలకు రోడ్డు వదిలింది. నాకు ఈ కథలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే.

1980ల చివర్లో ఆ రోడ్డు రాక్ బ్యాండ్లతో నిండిపోయింది. 1993లో నీగో, జున్ తకహాషి అనే ఇద్దరు డిజైనర్లు వెనక సందుల్లో 'నోవేర్' అనే చిన్న షాపు పెట్టారు. కొద్ది టీషర్టులే అచ్చువేసేవాళ్లు, వాటి కోసం క్యూలు కట్టేవాళ్లు. 1997లో 'ఫ్రూట్స్' వచ్చింది. పాత కిమోనో ముక్కను ప్లాస్టిక్ పూసలతో కలిపి తొడుక్కున్న అమ్మాయి ఫోటో వేసి, కింద ఆమె వయసు, ఏ బట్ట ఎక్కడిదో రాసేవాళ్లు.

కానీ మరుసటి ఏడాదే, 1998లో, హోకోతెన్ ఎత్తేశారు. గోల, చెత్త, ట్రాఫిక్ అని ఫిర్యాదులు. ఫిర్యాదులు నిజమే కావచ్చు, పోయింది మాత్రం చిన్నదేం కాదు. అలంకరించుకున్న పిల్లలకు నిలబడడానికి స్టేషన్ పక్కనున్న జింగు వంతెన లాంటి చోట్లు మిగిలాయి. 2008లో హెచ్ అండ్ ఎం, 2009లో ఫరెవర్ 21 అనే విదేశీ బట్టల షాపులు దిగాయి. ఒకేలాంటి చవక బట్టలు ఎవరికైనా దొరికే రోజులొచ్చాయి. 1924 నాటి హరజుకు చెక్క రైల్వే స్టేషన్ భవనాన్ని కూడా 2020లో విప్పేశారు.

హోకోతెన్ నాటి రాకబిల్లీ (పాత అమెరికన్ రాక్ అండ్ రోల్ తరహా) డాన్సర్లు మాత్రం ఇప్పటికీ ఆదివారాలు యోయోగి పార్కు గేటు దగ్గరికి వస్తారు. తోలు జాకెట్లు, ఎత్తుగా దువ్విన క్రాపు, అరిగిన బూట్లకు చుట్టిన టేపు. పాట పెట్టి, మళ్లీ వలయం కడతారు.