ఫ్యాను ఆపినా కదలని బిల్లు: 2022 ఏప్రిల్ నుంచి మోస్తున్న బాకీ

నెల్లూరులోనూ ఒంగోలులోనూ వేసవి కరెంటు బిల్లులు చేతికందిన ప్రతిసారీ ఒకే తగవు మళ్ళీ లేస్తుంది. బల్బులన్నీ ఎల్‌ఈడీకి మార్చాం, ఏసీ రాత్రి నాలుగు గంటలే వేశాం, మోటారు ఒక్కపూటే ఆడించాం, అయినా బిల్లు ఎందుకు తగ్గలేదని ఇంటివాళ్ళు అడుగుతారు. యూనిట్లు తగ్గితే బిల్లు తగ్గి తీరుతుందని పంపిణీ సంస్థలు చెబుతాయి. ఈ రెండో మాట లెక్క ప్రకారం నిజమే గాని, మొదటి మాటలో ఉన్న బాధను అది తాకనైనా తాకదు.

నేటి తగవుకు మూలం 2022 ఏప్రిల్‌లో ఉంది. ఆ ఒక్క నెలలో రెండు సంగతులు జరిగాయి. ఒకటి పొదుపుకు దారి తెరిచింది, రెండోది ఆ పొదుపు ఫలితాన్ని కంటికి కనపడకుండా చేసింది.

మొదటిది ఆ నెల ఒకటో తేదీన అమలులోకి వచ్చిన కొత్త టారిఫ్, అంటే కరెంటు రేట్ల పట్టిక. అంతకు ముందు ఇళ్ళను ఏ, బీ, సీ అని మూడు వర్గాలుగా చూసేవారు. నెలకు 225 యూనిట్లు దాటి సీ వర్గంలో పడిన ఇంటికి మొదటి యూనిట్ నుంచే రేటు వేరుగా ఉండేది. కొత్త పద్ధతిలో వర్గాలు పోయి అందరికీ ఒకే మెట్ల వరుస వచ్చింది: మొదటి 30 యూనిట్లకు రూ.1.90, 75 వరకు రూ.3, 125 వరకు రూ.4.50, 225 వరకు రూ.6, 400 వరకు రూ.8.75, ఆపైన రూ.9.75. సరిగ్గా ఆ నాలుగో తేదీనే కొత్త జిల్లాలు ఏర్పడి, కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు మారిందన్న సందడిలో ఊళ్ళన్నీ ఉండగా ఈ మెట్ల లెక్కను కూర్చుని చూసుకున్నవారు తక్కువ.

ఆ లెక్క కట్టి చూస్తే, నెలకు 260 యూనిట్లు కాల్చే ఇంటికి విద్యుత్ ఛార్జీ రూ.1,323 దాకా వస్తుంది. ఆ ఇల్లు పైమెట్టు మీద ఉన్న 35 యూనిట్లను ఆదా చేస్తే రూ.306 మిగులుతుంది. అంటే వాడకంలో ఏడో వంతు కూడా తగ్గకుండానే ఛార్జీలో దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది. పాత 75 వాట్ల ఫ్యాను తీసి తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను బిగించి రోజుకు 15 గంటలు తిప్పితే నెలకు 20 యూనిట్లు మిగులుతాయి కనుక, అలాంటివి రెండు బిగిస్తే చాలు. పొదుపు చేస్తే బిల్లు తగ్గుతుందన్న పంపిణీ సంస్థల వాదన ఇక్కడికి పూర్తిగా సరైనదే.

రెండో సంగతి అదే నెలలో బొగ్గు కొరత రూపంలో వచ్చింది. ఏప్రిల్ ఎనిమిది నుంచి పరిశ్రమలకు పవర్ హాలిడే (కరెంటు విరామం) ప్రకటించారు, ఇళ్ళకు కోతలు పెట్టారు. దేశమంతటా పంపిణీ సంస్థలు కరెంటు కొనుక్కునే విద్యుత్ ఎక్స్ఛేంజిలో ధర ఎంతగా పెరిగిందంటే, యూనిట్ రూ.12 దాటరాదని కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి పరిమితి విధించవలసి వచ్చింది. ముత్తుకూరు దగ్గర నేలటూరులో, మన ఇంటి వెనకే అన్నంత దగ్గరలో, కృష్ణపట్నం థర్మల్ కేంద్రం ఉంది. ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లు మూడు, కానీ మూడోదాన్ని జాతికి అంకితం చేసింది ఆ ఏడాది అక్టోబరులో. ఏప్రిల్ ఎండలకు అది అందిరాలేదు. ఎక్కువ ధరకు కొన్న కరెంటు ఖర్చు ఆనాటి బిల్లుల్లో పడలేదు, పద్దులో మిగిలిపోయింది.

ఆ పద్దును వసూలు చేసే దారి 2022 డిసెంబరు 29న కేంద్రం సవరించిన విద్యుత్ నిబంధనలతో సుగమమైంది. ఇంధనం, కొనుగోలు ఖర్చుల్లో వచ్చే తేడాను నెలనెలా తనంతట తానే బిల్లులోకి ఎక్కించే పద్ధతి దాని సారాంశం. రాష్ట్రంలో 2023 నుంచి యూనిట్‌కు 40 పైసల వరకు ఇలా వేయడం మొదలైంది. 260 యూనిట్ల ఇంటికి అది రూ.104. ఇలా వసూలు కాని బాకీని విడిగా లెక్కకట్టారు. 2022-23 సంవత్సరానికి రూ.6,072 కోట్లు, 2023-24కు రూ.9,412 కోట్లు రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి ఆమోదించగా, మొదటిదాన్ని 15 వాయిదాలలో, రెండోదాన్ని 24 వాయిదాలలో 2024 డిసెంబరు నుంచి వసూలు చేయసాగారు. అప్పుడు పెంచింది మీరంటే, వేసింది మీరని పార్టీలు ఒకరినొకరు అనుకోవడం మామూలే. కట్టేవాడికి రెండు బాకీలూ ఒకే చీటీ మీద వచ్చాయి.

ఆ చీటీని దగ్గరగా చూస్తేనే తగవు అర్థమవుతుంది. వేలెడంత వెడల్పు కాగితం, నాలుగు రోజులు జేబులో పెట్టుకుంటే మాసిపోయే అక్షరాలు. విద్యుత్ ఛార్జీ, కిలోవాట్‌కు పది రూపాయల స్థిర ఛార్జీ, సుంకం అయిన తరువాత ఈ బాకీలను వసూలు చేసే సర్దుబాటు వరుసలు కనిపిస్తాయి. పాత ఏళ్ళ సర్దుబాట్లలో కొన్నింటిని ఆ సర్వీసు మీద ఆనాడు కాలిన యూనిట్లను బట్టి వేశారు. నెల్లూరు వేదాయపాళెంలో మొన్ననే అద్దెకు దిగిన కుటుంబం, తమకు ముఖమైనా తెలియని పాత అద్దెదారు తిప్పిన ఏసీకి డబ్బు కడుతున్నదన్నమాట. ఆ వరుసలో ఉన్న మొత్తం ఈ నెల ఎన్ని ఫ్యాన్లు ఆపినా మారదు. కొన్న ఖర్చు ఎవరో ఒకరు భరించక తప్పదనీ, పెట్టుబడి రాకపోతే సరఫరా నిలిచిపోతుందనీ పంపిణీ సంస్థలు చెప్పే సమాధానం ఉంది, దానిని కాదనలేం. కాని ఖర్చు జరిగిన నెలలోనే రేటు తెలిసి ఉంటే ఆ ఇంటివాళ్ళు ఆ నెలలోనే ఏసీ తగ్గించుకునేవారు. రెండేళ్ళ తరువాత తెలిస్తే తగ్గించుకోవడానికి ఏమీ మిగలదు.

నీళ్ళ విషయం ఇంకొక రకం. ఒంగోలుకు సాగర్ కాలువ నీటిని వేసవి చెరువుల్లో నిల్వచేసి రోజు విడిచి రోజు, ఒక్కోసారి ఇంకా ఎడంగా ఇస్తారు. కుళాయి పన్ను చాలా ఇళ్ళకు వాడకంతో సంబంధం లేకుండా ఒకటే కనుక, నీటి పొదుపు పన్నును తగ్గించదు. తగ్గించేది కరెంటు బిల్లునూ ట్యాంకరు ఖర్చునూ. ఒక హెచ్‌పీ మోటారు గంటకు దాదాపు ఒక యూనిట్ తింటుంది. సంపులోంచి మేడ మీద ట్యాంకుకు ఎక్కించేటప్పుడు మరచిపోయి పొర్లించే అరగంట రోజూ జరిగితే నెలకు పదిహేను యూనిట్లు, అవీ పైమెట్టు యూనిట్లే. ట్యాంకు నిండగానే మోటారును ఆపే ఫ్లోట్ స్విచ్ కొద్ది వందలకే దొరుకుతుంది, అది ఆ పని మానిపిస్తుంది. పాత ప్రకాశం జిల్లా పడమటి వైపు ఫ్లోరైడు భయంతో ఇంటింటా ఆర్‌వో యంత్రాలు పెట్టుకున్నారు. ఒక బిందె మంచినీటికి రెండు మూడు బిందెలు తూముపాలవుతాయి. కనిగిరి, పొదిలి వైపు ఆ నీటిని గిన్నెలు కడగడానికో నేల తుడవడానికో పట్టుకునే ఇళ్ళున్నాయి, అలా చేయమని వాళ్ళకు ఎవరూ చెప్పలేదు.

2020 జనవరి నుంచి కొత్త ఏసీలన్నీ 24 డిగ్రీల దగ్గర మొదలయ్యేలా కేంద్రం నిబంధన పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం దాకా కరెంటు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో అంచనా. రిమోట్‌ను 18కి దించే అలవాటు మాత్రం మిగిలే ఉంది. ఇంటి పైకప్పు మీద సౌర ఫలకాలకు కేంద్రం 2024 ఫిబ్రవరిలో ప్రకటించిన పథకం రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు రూ.30,000 చొప్పున, మూడు కిలోవాట్లకు రూ.78,000 దాకా ఇస్తుంది. సొంత మేడ ఉన్నవాళ్ళకు ఇది మంచి దారి. పాత బాకీ మోస్తున్న అద్దె ఇంటివాళ్ళకు మాత్రం ఈ దారి లేదు.

2024-25 లెక్కల్లో ఖర్చు అంచనా కన్నా తగ్గడంతో రూ.923 కోట్లను యూనిట్‌కు 13 పైసల చొప్పున 2025 నవంబరు బిల్లుల నుంచి తిరిగి ఇవ్వాలని నియంత్రణ మండలి ఆదేశించింది. 260 యూనిట్ల ఇంటికి అది నెలకు రూ.33.80. రూ.9,412 కోట్ల వాయిదాలు మాత్రం 2026 నవంబరు వరకు నడిచేలా ఉన్నాయి.