పదకొండు పేర్ల లిస్టు గురించి

సాలిగ్రామం, చెన్నై

పెద్దోడికి, అమ్మలుకి తాతయ్య ఆశీస్సులు.

మీరు కొనాలని రాసిన లిస్టు మీ నాన్న నాకు ఫోన్లో పంపించాడు. కంప్యూటర్‌లోనే వాద్యాల శబ్దం పుట్టించే పదకొండు సాఫ్ట్‌వేర్ సింథసైజర్ల (సింథ్‌ల) పేర్లు, పక్కన ధరలు, కింద కూడిక. వాడు ఆ కూడిక దగ్గరే ఆగిపోయాడు. నేను పేర్లు రెండుసార్లు చదివాను. శబ్దం మీద ఇంత ఇష్టమున్న పిల్లలు మన ఇంట్లో ఉన్నారని చాలా సంతోషం వేసింది. అందుకే ఫోన్లో రెండు ముక్కలు చెప్పి వదిలేయకుండా కూర్చుని రాస్తున్నాను.

ముందు నా సంగతి ఒకటి. 1980ల్లో నేను కోడంబాక్కం, వడపళని స్టూడియోల్లో కీబోర్డు వాయించేవాణ్ణి. తెలుగు సినిమా పాటలు అప్పుడు చాలావరకు ఇక్కడే రికార్డయ్యేవి. ఆ రోజుల్లో దాచుకున్న డబ్బు చాలక, కొంత అప్పు కూడా చేసి ఒక కీబోర్డు కొన్నాను. షాపులో వాయిస్తే గది నిండిపోయింది. మొదటి రికార్డింగులోనే ఇంజనీరు, "ఆ ఎఫెక్ట్స్ తీసెయ్యండి సార్, పాడేవాళ్ల గొంతు మీద పడుతోంది" అన్నాడు. గది గుయ్యిమన్నట్టు చేసే రివర్బ్, ఒక్క శబ్దాన్ని పదిమందిలా వినిపించే కోరస్ తీసేశాను. మిగిలింది నీళ్ల మజ్జిగలా ఉంది. షాపులో నేను విన్న నిండుదనం సగం ఆ ఎఫెక్ట్స్‌ది, సగం షాపు స్పీకర్లది. అప్పు మాత్రం రెండేళ్లు తీర్చాను.

మీ లిస్టులో పేర్లు పదకొండు ఉన్నాయి కానీ, అవి శబ్దం పుట్టించే పద్ధతులు మూడే. ఐదు పేర్లు ఒకే పద్ధతివి. ఒకే రకం గరిటెలు ఐదు కొన్నట్టు.

మొదటి పద్ధతిలో ఆసిలేటర్ దండిగా శబ్దం ఇస్తుంది, ఫిల్టర్ అందులోంచి అక్కర్లేనిది తీసేస్తుంది. 1970లో వచ్చిన మినీమూగ్ అనే సింథసైజర్ ఇలాంటిదే. మీ లిస్టులోని డీవా ఆ పాత అనలాగ్ మెషీన్ల ఫిల్టర్లను చాలా దగ్గరగా తీసుకొస్తుంది. వేవ్‌టేబుల్ రెండోది. వేవ్ ఆకారాలు వరసగా పేర్చి ఉంటాయి, మీరు నాబ్ తిప్పుతుంటే శబ్దం ఒక ఆకారం నుంచి ఇంకోదానికి జారుతుంది. సీరమ్‌లో ఒక్కో టేబుల్‌కి 256 ఆకారాల దాకా పడతాయి. మూడో పద్ధతివి ఆమ్నిస్ఫియర్ లాంటివి. అవి ప్రధానంగా రికార్డు చేసిన శబ్దాల మీద నడుస్తాయి, అందుకే ఆమ్నిస్ఫియర్ 60 జీబీకి పైగా జాగా అడుగుతుంది. మీ లాప్‌టాప్‌లో మిగిలిన జాగా ఎంతో ముందు చూసుకోండి.

ఎఫ్‌ఎమ్ (ఫ్రీక్వెన్సీ మాడ్యులేషన్) అనే ఇంకో పద్ధతి గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెబుతాను, ఎందుకంటే మీ లిస్టులో అది అసలు లేదు. దీన్ని 1967లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టారు. వైబ్రాటో తెలుసు కదా, శృతి మెల్లగా ఊగడం. ఆ ఊపును పెంచుకుంటూ పోయి, సెకనుకి కొన్ని వందలసార్లు ఊగేలా చేస్తే చెవికి అది ఊపులా వినిపించదు. కొత్త స్వరవర్ణం పుడుతుంది. గంట మోగినట్టు, గాజుని తట్టినట్టు ఉండే శబ్దాలు అలా వస్తాయి. యమహా వాళ్లు ఆ పద్ధతి తీసుకుని 1983లో డీఎక్స్7 అనే కీబోర్డు తెచ్చారు. ఒకదాన్నొకటి ఊపే ఆరు ఆపరేటర్లు (చిన్న ఆసిలేటర్లు), వాటిని కలిపే 32 అమరికలు, ఒకేసారి 16 స్వరాలు. ఆ దశాబ్దం పాటల్లో మీరు వినే ఎలక్ట్రిక్ పియానోల్లో చాలావాటి వెనక అదే ఉంది. దాన్ని ప్రోగ్రాం చెయ్యడం చాలా కష్టం. చిన్న తెర, బోలెడు బటన్లు. ఇప్పుడు డెక్స్‌డ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ ఆరు ఆపరేటర్లూ ఒకేసారి కళ్లముందు కనిపిస్తాయి. పాత డీఎక్స్7 సౌండ్ ఫైళ్లు కూడా అందులో తెరుచుకుంటాయి. మేము రాత్రిళ్లు కూర్చుని తంటాలు పడినదంతా మీకు పైసా ఖర్చు లేకుండా దొరుకుతోంది. దాన్ని మీ లిస్టులో మొదట రాయండి.

ఇక పోల్చడం ఎలాగో చెబుతాను. మీరు యూట్యూబ్‌లో డెమోలు చూసి మార్కులు వేశారని అమ్మలు చెప్పింది. ఆ మార్కులు కొట్టేయండి. చెవికి ఒక బలహీనత ఉంది: రెండు శబ్దాల్లో ఏది కాస్త గట్టిగా ఉంటే అదే బాగున్నట్టు అనిపిస్తుంది. గట్టిగా ఉన్నప్పుడు కింది శబ్దమూ పై శబ్దమూ ఎక్కువ తెలుస్తాయి మరి. ఒక్క డెసిబెల్ తేడా చాలు తీర్పు మారిపోవడానికి. కాబట్టి రెండింటినీ మీటర్ చూసి ఒకే స్థాయికి తెచ్చాకే వినండి. ప్రీసెట్లు, అంటే కంపెనీవాళ్లు ముందే తయారు చేసి పెట్టిన శబ్దాలు, వద్దు. మెనూలో ఇనిట్ అని ఉంటుంది, అది నొక్కితే ఏ అలంకారమూ లేని ఒట్టి శబ్దం వస్తుంది. ఎఫెక్ట్స్ అన్నీ ఆపేసి, రెండింటి మీదా ఒకే ముక్క వాయించండి.

తర్వాత ఇది చెయ్యండి. సా వేవ్ (రంపపు పళ్ల ఆకారం ఉన్న తరంగం) పెట్టి, ఎఫెక్ట్స్ లేకుండా, కీబోర్డు కుడివైపు చివరి స్వరాలు నొక్కి శృతిని పైకీ కిందికీ జరిపే బెండ్ వీల్‌ని మెల్లగా పైకి నెట్టండి. స్వరం పైకి వెళ్తున్నప్పుడు దాని వెనక ఇంకో సన్నటి కూత కిందికి దిగుతూ వినిపిస్తే అది ఏలియసింగ్. కంప్యూటర్ సెకనుకి 44,100 నమూనాలు తీస్తున్నప్పుడు 22,050 హెర్ట్జ్ దాటిన శబ్దానికి అందులో చోటు ఉండదు. దాన్ని ముందే అడ్డుకోకపోతే అది వెనక్కి తిరిగి, శృతిలో లేని స్వరంగా కింద పడుతుంది. మంచి సింథ్‌లో ఆ కూత దాదాపు వినిపించదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఒకసారి పట్టుకున్నారంటే మళ్లీ ఎప్పుడూ వదిలిపెట్టరు.

అమ్మలూ, ఇప్పుడు చెప్పేది నీకోసం. నువ్వు వీణ నేర్చుకుంటున్నావు కదా. తోడిలో గాంధారాన్ని నిలబెట్టి వాయిస్తే మీ టీచర్ ఊరుకోరు. అది రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగాలి. కీబోర్డు మీద నల్ల కీలూ తెల్ల కీలూ కలిపి లెక్కేస్తే గాంధారం నుంచి పైకి రెండు మెట్లు, కిందికి రెండు మెట్లు. చాలా సింథ్‌లలో బెండ్ వీల్ మొదట్లోనే రెండు మెట్లకి పెట్టి ఉంటుంది, కాబట్టి తోడి గాంధారానికి అది సరిగ్గా సరిపోతుంది. కానీ షడ్జమం నుంచి పంచమానికి జారు కావాలంటే ఏడు మెట్లు. రేంజ్ పన్నెండుకి పెంచావంటే జారు వస్తుంది కానీ వేలు కాస్త కదిలినా శృతి ఎగిరిపోతుంది. నేను చేసేది ఏమిటంటే రేంజ్ రెండులోనే ఉంచి, పెద్ద జారులకి మోనో (ఒకేసారి ఒకే స్వరం), లెగాటో, గ్లైడ్ (స్వరం నుంచి స్వరానికి జారడం) వాడతాను. లెగాటోలో మొదటి కీ వదలకుండా రెండోది నొక్కితే స్వరం మళ్లీ కొత్తగా మీటినట్టు మొదలవదు, అదే ఊపిరిలో జారుతుంది. ఒక సింథ్‌లో ఈ జారడం మెత్తగా ఉంటుంది, ఇంకోదాంట్లో టక్‌మని చప్పుడొస్తుంది. మన సంగీతానికి నా దృష్టిలో ఇదే అసలు పరీక్ష, ఇది డెమో వీడియోల్లో ఎవరూ చూపించరు.

పెద్దోడా, లాప్‌టాప్ సంగతి నువ్వు చూడు. డీవాలో డ్రాఫ్ట్ నుంచి డివైన్ దాకా నాలుగు క్వాలిటీ స్థాయిలు ఉన్నాయి. డివైన్‌లో పెట్టి నాలుగు వేళ్లతో కార్డ్ పట్టి చూడు, సీపీయూ మీటర్ ఎక్కడికి పోతుందో తెలుస్తుంది. క్రాక్ కాపీల జోలికి మాత్రం పోవద్దు. వైరస్ భయం ఒక కారణం. అసలు సాఫ్ట్‌వేర్ తయారు చేసినవాడు కూడా మనలాగే శబ్దం మీద బతికేవాడు, అది ఇంకో కారణం.

కొనడం అంటే ఏమిటో కూడా ఆలోచించండి. నా పాత కీబోర్డు ఇవాళ్టికీ స్విచ్ వేస్తే పలుకుతుంది. కానీ పాత కంప్యూటర్‌లో చేసుకున్న నాలుగు ట్యూన్లు ఇప్పుడు తెరుచుకోవు. 2019లో యాపిల్ వాళ్లు మ్యాక్‌లో 32 బిట్ సాఫ్ట్‌వేర్‌కి వీలు తీసేశారు, అందులో నేను వాడిన సింథ్ పోయింది. ఆ ట్యూన్లు ఆడియోగా తీసి దాచుకోలేదు, ఆ బాధ ఇంకా ఉంది. మీరు మాత్రం పాట పూర్తయిన రోజే ప్రతి ట్రాకూ వేవ్ అనే ఆడియో ఫైల్‌గా తీసి పెట్టుకోండి.

ఈ కారణంగానే సర్జ్ ఎక్స్‌టీ అనే ఉచిత సింథ్ అంటే నాకు ఎక్కువ ఇష్టం. మొదట్లో అది అమ్మకానికి ఉండేది. 2018లో దాని కోడ్ అందరికీ ఇచ్చేశారు. కంపెనీ మూతబడుతుందన్న భయం లేదు, కోడ్ ఉన్నంతకాలం ఎవరో ఒకరు దాన్ని కొత్త కంప్యూటర్‌కి తగ్గట్టు మారుస్తారు. అనలాగ్ తరహా, ఎఫ్‌ఎమ్, వేవ్‌టేబుల్ మూడూ అందులో ఉన్నాయి. శృతి పట్టికలు కూడా వేసుకోవచ్చు. 2020లో మ్యాట్ టైటెల్ తెచ్చిన వైటల్ కూడా ఉచితంగా దొరుకుతుంది. డబ్బు కట్టే వెర్షన్లలో ప్రీసెట్లు, వేవ్‌టేబుళ్లు ఎక్కువ ఉంటాయి కానీ ఉచిత వెర్షన్‌లో శబ్దం పుట్టించే ఇంజిన్ అదే.

కాబట్టి నా లెక్క ఇది. సర్జ్, వైటల్, డెక్స్‌డ్ ఈ మూడే ఏడాదిపాటు వాడండి. వైటల్ ఉండగా సీరమ్ ఇప్పుడు వద్దు. అది మంచిదే, కొన్నవాళ్లకి 2025లో రెండో వెర్షన్ ఉచితంగా ఇచ్చారు కూడా, కానీ ఈ దశలో మీకు అది చేసే పని వైటల్ చేస్తుంది. ఏడాది తర్వాత ఒక్కటి కొనిపెట్టే పూచీ నాది. షార్ట్ ఫిల్మ్‌లకి సంగీతం చేసే పని పెద్దోడికి పెరిగితే ఆమ్నిస్ఫియర్, అమ్మలుకి ఒంటి స్వరం మీద మోజు పెరిగితే డీవా. ఏది కావాలో అప్పటికి మీకే తెలుస్తుంది, ఎందుకంటే ఈ మూడింటిలో ఏ శబ్దం రాలేదో పేరు పెట్టి చెప్పగలుగుతారు. నవంబరులో చాలా కంపెనీలు ధర తగ్గిస్తాయి, అప్పటిదాకా ఆగుదాం. డాలర్లలో కడితే బ్యాంకు కమీషన్ కూడా పడుతుంది, ఆ లెక్క మీ కూడికలో లేదు.

ఈ ఆదివారం వేళచ్చేరి నుంచి ఇద్దరూ పొద్దున్నే రండి. మధ్యాహ్నమైతే మేడ మీద గది కాలిపోతుంది. లాప్‌టాప్, చిన్న కీబోర్డు తెచ్చుకోండి, స్పీకర్లు నా దగ్గర ఉన్నాయి. మూడింటిలోనూ ఇనిట్ పెట్టి, ముందు తోడి గాంధారం వాయిద్దాం. అమ్మమ్మ పెసరట్లు వేస్తానంటోంది.

ప్రేమతో,
తాతయ్య