షెఫ్ పేరు బోర్డు మీద, బర్గర్ మా పెనం మీద: కొన్ని అపోహలు, వాస్తవాలు

లాస్ వేగస్‌లో బర్గర్ కిచెన్లలో గ్రిల్ దగ్గర పనిచేస్తుంటాను. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు గ్రాండ్ క్యాన్యన్ చూపించి, ఒక రాత్రి వేగస్‌లో ఆగే మనవాళ్లు బోలెడంత మంది. టీవీలో చూసిన షెఫ్ పేరు బోర్డు మీద కనపడిందా, లోపలికి వచ్చేస్తారు, కొత్తగా తెరిచిన చోటైతే మరీను. వాళ్లు అడిగే ప్రశ్నలూ, ఆ తర్వాత వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే కబుర్లూ విని విని ఇది రాస్తున్నా.

అపోహ: ఆ షెఫే వండుతాడు, కనీసం కిచెన్‌లో ఉంటాడు.

ఉండడండీ. టీవీ షెఫ్ గోర్డన్ రామ్సే పేరుతో ఉన్న 'గోర్డన్ రామ్సే బర్గర్' రెస్టారెంట్‌నే తీసుకోండి. ప్లానెట్ హాలీవుడ్ హోటల్లో 2012 డిసెంబర్‌లో తెరిచారు. హోటల్ సీజర్స్ అనే క్యాసినో కంపెనీ వాళ్లది, రామ్సేతో వాళ్లకున్నది లైసెన్స్ ఒప్పందం. వేగస్‌లో ఇలాంటివి చాలావరకు ఇంతే: పేరూ, వంటకాలూ షెఫ్‌వి, రోజూ నడిపేది హోటల్. అలాగని ఆయన పాత్ర ఏమీ లేదని కాదు. కట్టెల మంట మీద కాల్చాలా, ఇనప పెనం మీద కాల్చాలా, మాంసంలో కొవ్వు ఎంత, ఏ బన్ను, సాస్ పైనా కిందా, ఇవన్నీ పైనుంచి తేలి వస్తాయి. బర్గర్‌లో ఆలూ చిప్స్ పెట్టి కరకరలాడించడం ఇంకో టీవీ షెఫ్ బాబీ ఫ్లే ఆలోచన, రామ్సే చోట కట్టెల మంట. మేం చేసేది దాన్ని రోజంతా తేడా రాకుండా దించడం. కాబట్టి సెల్ఫీ దిగండి కానీ, కింద "ఆయన చేతి వంట తిన్నాం" అని మాత్రం పెట్టకండి, చెయ్యి మాది.

అపోహ: లోపల ఎర్రగా ఉంటే అది రక్తం.

కాదు, కండలో ఉండే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్. ఇంపాజిబుల్ లాంటి బ్రాండ్లు మొక్కల నుంచి చేసే ప్యాటీ (బన్ను మధ్య పెట్టే బిళ్ల) కూడా లోపల ఎర్రగానే ఉంటుంది, అది సోయా లెగ్‌హీమోగ్లోబిన్ అనే ప్రొటీన్ వల్ల. అది చూసి పెద్దవాళ్లు కంగారుపడి ప్లేటు పక్కకి నెట్టేయడం నేను చూస్తూనే ఉంటాను.

అయితే అసలు భయపడాల్సింది రంగుకి కాదు. స్టీక్‌కి, అంటే ఖీమా కొట్టని మాంసం ముక్కకి, క్రిములు పైపైనే ఉంటాయి, పైన బాగా కాలితే సరిపోతుంది. ఖీమా కొట్టినప్పుడు ఆ పైదంతా లోపలికి కలిసిపోతుంది. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ ఖీమా మాంసానికి 160 డిగ్రీల ఫారెన్‌హీట్ చెప్తుంది, అంటే 71 సెల్సియస్. 1993లో జాక్ ఇన్ ద బాక్స్ అనే అమెరికన్ చెయిన్‌లో బర్గర్లు సరిగా కాలక ఈ.కోలై అనే క్రిమి సోకి నలుగురు పిల్లలు చనిపోయారు, 700 మందికి పైగా జబ్బుపడ్డారు. ఇప్పుడు మెనూ అడుగున చిన్న అక్షరాల్లో, నక్షత్రం గుర్తుతో (*) ఉండే హెచ్చరిక ఇలాంటి వాటి కోసమే. పెద్దవాళ్లు మీడియం రేర్ (లోపల ఎర్రగా, పూర్తిగా కాలకుండా) అడిగితే చాలాచోట్ల ఇస్తారు. పిల్లల మెనూలో ఉన్న ఖీమా ప్యాటీని మాత్రం సగం కాల్చి ఇవ్వకూడదని ఇక్కడి ఆహార భద్రత నియమాల్లోనే (ఫుడ్ కోడ్) ఉంది, మీరు అడిగినా సరే. దానికి సర్వర్ మీద కోప్పడకండి.

అపోహ: అట్లకాడతో నొక్కితే రసమంతా పోతుంది.

ఎప్పుడు నొక్కామన్నదే లెక్క. స్మాష్ బర్గర్‌కి చల్లటి ఖీమా ముద్దని సలసల కాగే పెనం మీద వేసి, మొదటి అర నిమిషంలోపే గట్టిగా అదిమేస్తాం. అప్పటికి కొవ్వు ఇంకా కరగదు కాబట్టి కారిపోయేదేమీ ఉండదు, అడుగంతా పెనానికి అతుక్కుని గోధుమ రంగు పొర కడుతుంది. అంచులు జాలీలా పలచబడి చిటపటలాడుతుంటే పదునైన స్క్రేపర్ అడుక్కి దూర్చి ఆ పొర చెదరకుండా ఒక్కసారే తిప్పాలి. తిప్పాక మళ్లీ నొక్కేవాడు కనపడితే మాత్రం మీరు తిట్టుకోవచ్చు. పెనం సరిగ్గా కాలకుండా అట్టు వేస్తే ఎలా ఉంటుందో, కాలని పెనం మీద ప్యాటీ కూడా అంతే, పాలిపోతుంది. ఉప్పు కూడా పెనం మీద వేశాకే పైన చల్లుతాం, ముందే ఖీమాలో కలిపితే అది సాసేజ్‌లా బిగుసుకుపోతుంది.

అపోహ: ఖరీదు ఎక్కువంటే మాంసం గొప్పది.

ఖీమా కొట్టేశాక వాగ్యూ (ఖరీదైన జపాన్ జాతి బీఫ్) ముక్కలోని ఆ అందమైన కొవ్వు గీతలు ఏమైపోతాయో ఆలోచించండి. 80 పాళ్ల మాంసం, 20 పాళ్ల కొవ్వు, తాజాగా కొట్టింది అయితే చాలు. మీరు కట్టే దాంట్లో స్ట్రిప్ (వేగస్‌లో పెద్ద హోటళ్లుండే వీధి) మీది అద్దె, పేరుకి రుసుము అన్నీ ఉంటాయి. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో రామ్సే బర్గర్ 2022లో తెరిచినప్పుడు ఒక బర్గర్‌కి 1,40,000 వాన్ పెట్టారు. సరదా అనుకుంటే సరే.

పచ్చగా కరిగే అమెరికన్ చీజ్ చవకబారు పని అనేవాళ్లకి ఒకటే మాట: విరగకుండా అంత సాఫీగా కరిగేది ఇంకోటి చూపించండి.

అపోహ: వెజ్ ప్యాటీ చెప్పాం కదా, ఇక టెన్షన్ లేదు.

మనవాళ్లకి అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఓపెన్ కిచెన్ ముందు కూర్చున్న ఒక పెద్దాయన నా మొహం చూసి, "బాబూ, తెలుగువాళ్లేనా? ఇది వేరే పెనం మీదే కదా కాల్చేది?" అని అడిగారు. "కాదండీ, పెనం ఒకటే, అట్లకాడ కూడా అదే. కావాలంటే చిన్న మూకుడులో విడిగా చేసిస్తాను, పది నిమిషాలు ఆగుతారా?" అన్నాను. ఆగారు. ఆయన అడిగారు కాబట్టి సరిపోయింది. మెనూలో "ప్లాంట్ బేస్డ్" అని రాసినంత మాత్రాన వేరే పెనం అని మాట ఇచ్చినట్టు కాదు. బర్గర్ కింగ్ ఇంపాజిబుల్ వొప్పర్ మీద 2019లో సరిగ్గా ఈ విషయంలోనే కేసు వేస్తే, వేరే గ్రిల్ అని కంపెనీ ఎక్కడా చెప్పలేదు కదా అని కోర్టు కొట్టేసింది.

ఫ్రైస్ సంగతీ అంతే. మెక్‌డొనాల్డ్స్ 1990లో కూరగాయ నూనెకి మారింది గానీ అమెరికాలో ఫ్రైస్‌లో బీఫ్ ఫ్లేవర్ ఉండిపోయింది, దాని మీద సియాటిల్‌లో భారత సంతతి న్యాయవాది 2001లో కేసు వేస్తే మరుసటి ఏడాది క్షమాపణ చెప్పి కోటి డాలర్లు ఇచ్చుకుంది. మా లాంటి చోట అడగాల్సింది రెండు: ఇదే నూనెలో చికెన్ కూడా వేస్తారా, బీఫ్ కొవ్వులో వేయిస్తారా? ఈమధ్య బీఫ్ కొవ్వు మళ్లీ ఫ్యాషన్ అయింది. బ్రియోష్ అనే మెత్తటి బన్నులో గుడ్డు ఉంటుంది, అదీ గుర్తుంచుకోండి.

అపోహ: తెరిచిన కొత్తలో తిండి బాగోదు.

ఆలస్యం అవుతుంది, అది నిజం. కానీ ఆ మొదటి వారాల్లో షెఫ్ సంస్థ నుంచి వచ్చిన ఓపెనింగ్ టీమ్ మా భుజాల మీదే ఉంటుంది, ప్రతి ప్లేటూ చూసి గానీ వదలరు. వాళ్లు వెళ్లిపోయాకే తెలుస్తుంది కిచెన్ సత్తా. ఎప్పుడొచ్చినా రాత్రి షోలు వదిలే వేళకి రాకండి, మధ్యాహ్నం మూడింటికి రండి. పెనం అప్పుడే గీకి శుభ్రం చేసి ఉంటుంది, విడిగా మూకుడు పెట్టమన్నా ఎవరూ విసుక్కోరు.