‘పెంచలయ్యకు అర్థం లేదంట సామీ’: పేర్ల మీద అపోహలు, వాస్తవాలు

పోయిన నెల పొదలకూరు దగ్గర ఒక ఇంట్లో బారసాల చేయించా. పళ్లెంలో బియ్యం పోసి, తండ్రి చేతికి ఉంగరం ఇచ్చి ‘ఏం పేరు రాస్తావు నాయనా?’ అన్నా. అతను ఒకసారి వాళ్ల నాన్న వైపు, ఒకసారి భార్య వైపు చూశాడు. తాతకు పెంచలయ్య కావాలి. బిడ్డ పుట్టకముందే పెంచలకోన దేవుడికి మొక్కుకున్నాడు. కోడలు ఫోన్ చూపించింది. అందులో రియాన్ష్ ఉంది. ‘పెంచలయ్యకు అర్థమే లేదంట సామీ. దీనికైతే సూర్యుడి తొలి కిరణం అని రాసుంది’ అంది.

30 ఏళ్లుగా నెల్లూరు, కందుకూరు చుట్టుపక్కల పౌరోహిత్యం చేస్తున్నా. ఈ మాట ఈమధ్య తరచుగా వింటున్నా.

అపోహ: పెంచలయ్యకు అర్థం లేదు. ఉన్నా, ‘పెంచేవాడు’ అని.

రెండో ముక్క నేనూ చెప్పినవాణ్ణే. కొత్తల్లో ఎవరో అడిగితే ‘అందరినీ పెంచి పోషించేవాడమ్మా’ అని ధీమాగా చెప్పేశా. భోజనాల దగ్గర ఒక పెద్దాయన పక్కకు పిలిచి ‘సామీ, మీరు కోనకు ఎప్పుడన్నా పోయినారా?’ అన్నాడు. పోలేదు. విస్తరి ముందు తల ఎత్తలేకపోయా.

వాస్తవం: ఈ పేరు రాయిలో నుంచి వచ్చింది. రాపూరు మండలంలో, వెలిగొండల ఒడిలో పెంచలకోన. అక్కడి దేవుడు పెనుశిల లక్ష్మీనరసింహస్వామి. పెనవేసుకున్న శిలగా స్వామి వెలిశాడని స్థలపురాణం. ‘పెను’ అంటే పెద్ద అని కూడా అర్థం ఉంది కాబట్టి పెద్ద శిల అనేవాళ్లూ ఉన్నారు. ఎట్టా చూసినా ‘పెను’ మన తెలుగు మాట, ‘శిల’ సంస్కృతం. రెండూ కలిసి జనం నోట్లో నలిగి ‘పెంచల’ అయ్యాయి. చివర ‘అయ్య’ మర్యాద కోసం. స్వామి చెంచులక్ష్మిని పెళ్లాడింది ఈ కొండల్లోనే అంటారు. మన వైపు చెంచయ్యలు, చెంచురామయ్యలు, చెంచమ్మలు అంతమంది ఉండటం ఊరికే కాదు.

మరి రియాన్ష్? సంస్కృతంలో ‘అంశువు’ అంటే కిరణం, ‘అంశ’ అంటే భాగం. ఫోన్‌లో ఎవరో రెండింటినీ కలిపేశారు. ముందున్న ‘రియ’కు సూర్యుడని అర్థమే లేదు. పేరు పలకడానికి బాగుంది, పెట్టుకోవద్దని నేననను. కిరణమే కావాలంటే అంశుమాన్ ఉంది కదమ్మా అని చెప్పా. సూర్యుడికీ ఆ పేరుంది, భగీరథుడి తాత పేరూ అదే. ‘స్కూల్లో పిల్లలు సూపర్‌మాన్ అంటారు సామీ’ అంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

అపోహ: ఇది ఒక కులం వాళ్ల పేరు, పల్లెటూరి పేరు.

నేను చేయించిన ప్రతి బారసాలా ఒక నోటు పుస్తకంలో రాసుకుంటా. అందులో పెంచలయ్యలు, పెంచల్ రెడ్లు, పెంచల నాయుళ్లు, పెంచలమ్మలు అందరూ ఉన్నారు. కోనకు మొక్కుకున్న ఇళ్లలో, ఏ కులమైనా, బిడ్డకు పెట్టే పేరిది. పాత పుస్తకాల్లో ‘అయ్య’ ఉండేది. తర్వాత తోక మారింది: పెంచల ప్రసాద్, పెంచల కిశోర్. ఇప్పుడు చాలా ఇళ్లలో ‘పెంచల’ ఇంగ్లీషులో ‘పి’ అనే పొడి అక్షరంగా మిగిలింది. కాబట్టి ఈ పేరు తగ్గిపోయింది అనేది సగం నిజమే. మొక్కు తగ్గలేదు.

మాలకొండయ్య, మాల్యాద్రి వేర్వేరు పేర్లని కందుకూరు వైపు కుర్రాళ్లే అనుకుంటున్నారు. ఒకటే. కొండను సంస్కృతంలో అద్రి అంటారు, అంతే తేడా. శనివారం మాత్రమే తలుపులు తీసే మాలకొండ నరసింహస్వామి పేరది.

మస్తానయ్య ‘మస్తకం’ నుంచి వచ్చిందని ఒకాయన నాతో గంట వాదించాడు. కాదు. ‘మస్త్’ పారసీ మాట, మత్తు అని అర్థం. దైవప్రేమలో మునిగి ఒళ్లు మరిచిన ఫకీరుకు వాడతారు. కసుమూరు మస్తాన్ వలీ దర్గాకు మొక్కుకున్న హిందువుల ఇళ్లలో మస్తానయ్య, మస్తానమ్మ పుట్టారు. సంకల్పంలో గోత్రం చెప్పి ‘మస్తానయ్య నామధేయస్య’ అని ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

ఇంకొకటి. తిక్కన భారతం రాసిన నేల మీద ఆ పేరు పెట్టడానికి భయం, ‘తిక్క’ అంటారని. ఆ కాలంలో అది గౌరవంగా పెట్టుకున్న పేరు. ఆయన్ని ఆదరించిన నెల్లూరు రాజు మనుమసిద్ధి తండ్రి తిక్కభూపాలుడు, కత్తి పట్టినాయన ఖడ్గ తిక్కన. రాజు తన బిడ్డకు పిచ్చి అని పేరు పెట్టుకుంటాడా?

అపోహ: నక్షత్రం అక్షరంతోనే పెట్టాలి, లేకుంటే దోషం.

నా వృత్తిలో వాళ్లకు కోపం వచ్చినా సరే, చెప్తా. హస్త మూడో పాదానికి ‘ణ’. ఆర్ద్ర మూడో పాదానికి ‘ఙ’. ఈ అక్షరాలతో మొదలయ్యే పేరున్న మనిషిని మీరెవరైనా చూశారా? మన వైపు ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రంలో, అంటే ఇంట్లో చేసే సంస్కారాల పాత గ్రంథంలో, ఈ పట్టిక లేదు. పదో రోజున పేరు పెట్టమంటుంది. మగబిడ్డకు రెండు లేదా నాలుగు అక్షరాలు ఉండాలి, గ, ద, బ లాంటి నాదాక్షరంతో మొదలవ్వాలి, మధ్యలో య, ర, ల, వల్లో ఒకటి రావాలి అంటుంది. పెంచలయ్యను ఈ కొలతకు పెట్టి చూడండి. నాలుగు అక్షరాలు సరిపోయాయి, మధ్యలో ‘ల’ ఉంది, మొదటి ‘ప’ దగ్గర తప్పింది. రియాన్ష్‌లో ‘రి’, ‘యాన్ష్’ రెండక్షరాలు, ‘ర’ నాదాక్షరమే, మధ్యలో ‘య’ ఉంది. ఈ మూడింట్లోనూ పాసవుతుంది! ఆ సంగతి తాత ముందు చెప్పలేదు. నక్షత్రం అక్షరం మీద నమ్మకం ఉంటే దాంతో ఒక పేరు బిడ్డ చెవిలో చెప్పండి, పిలిచే పేరు మీ ఇష్టం.

న్యూమరాలజీ గురించి ఒక్క మాటే. స్పెల్లింగులో అదనంగా ఒక ‘హెచ్’ తగిలించుకున్న ఒక కుర్రాడికి బర్త్ సర్టిఫికెట్‌లో ఒకటి, ఆధార్‌లో ఒకటి, పదో తరగతి మెమోలో ఇంకొకటి పడ్డాయి. పాస్‌పోర్ట్ కోసం వాడు పడ్డ టెన్షన్ చూశాక ఎవరికీ అక్షరాలు పెంచమని చెప్పను.

అపోహ: 21 రోజుల్లో పేరు తేల్చకపోతే సర్టిఫికెట్ రాదు.

21 రోజుల్లో చెప్పాల్సింది పుట్టిన సంగతి. పేరు లేకుండానే నమోదు చేయించవచ్చు. ఏడాది లోపు పేరు ఉచితంగా చేర్చుకోవచ్చు, ఆ తర్వాత రుసుము కట్టి 15 ఏళ్ల దాకా. అయితే 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు స్కూలు నుంచి పాస్‌పోర్ట్ దాకా బర్త్ సర్టిఫికెట్టే ఆధారం. అందుకని అక్షరం అక్షరం చూసుకుని ఒక్కసారే రాయించండి.

పొదలకూరు ఇంట్లో ఇదే చెప్పా. తండ్రి ఊపిరి పీల్చుకుని, ఉంగరంతో బియ్యం మీద పైన శ్రీకారం, కింద పెంచలయ్య రాసి, ఆ కింద ఇంకో వరుసకు చోటు వదిలిపెట్టాడు. ఆ చోటు ఇంకా నిండలేదని మొన్న ఫోన్లో చెప్పాడు. వెనకాల నుంచి ముసలాయన గొంతు వినపడుతూనే ఉంది, ‘పెంచలయ్యా, ఏందిరా ఆ ఏడుపు’ అని.