24 పౌండ్ల గట్టింగ్ ఎన్నాళ్లు 24?

షటిల్ బ్యాట్ కొనడానికి నెల్లూరు ట్రంకు రోడ్డుకు వెళ్లినవాళ్లు ఫ్రేమ్ దగ్గర గంటసేపు బేరమాడతారు. తీగలు బిగించే పని, అంటే గట్టింగ్ దగ్గరికొచ్చేసరికి "ఇరవై నాలుగు వేసెయ్యన్నా" అనేసి టీకి వెళ్లిపోతారు. కాక్‌కు తగిలేవి మాత్రం ఆ తీగలే. చేతికి సరిపడే గట్టింగ్ పడితే రెండు వేల బ్యాట్ కూడా, సరిపడనిది వేసిన పన్నెండు వేల బ్యాట్ కన్నా బాగా ఆడుతుంది. 2001లో ఆల్ ఇంగ్లండ్ షటిల్ టోర్నీ గెలిచిన పుల్లెల గోపీచంద్ పుట్టిన నాగండ్ల అప్పటి ప్రకాశం జిల్లాలోదే. ఆట మీద పిచ్చికి ఈ వైపు కొదవ లేదు, కొదవంతా తీగల మీద శ్రద్ధకే.

ఎంత బిగిస్తే దెబ్బ అంత బలంగా వెళ్తుందని చాలామంది నమ్మకం. జరిగేది దీనికి తలకిందులు. కాక్ తగలగానే తీగల వల వెనక్కి వంగి తిరిగి తన్నుతుంది. అలా దాచుకున్న శక్తిలో చాలా భాగాన్ని తీగలు తిరిగి ఇచ్చేస్తాయి. కాక్ అడుగునున్న కార్క్ బుడిపె అలా కాదు, నొక్కుకుపోయినప్పుడు శక్తిలో ఎక్కువ వాటాను పోగొడుతుంది. వల బిగిసేకొద్దీ వంగడం తగ్గి, నొక్కుకునే పని కార్క్ మీద పడుతుంది. కాబట్టి బిగువు పెరిగితే వల సాయం తగ్గుతుంది, ఆ లోటు చెయ్యే పూడ్చాలి. బదులుగా దొరికేది గురి. వల ఎక్కువ వంగదు గనక కాక్ అనుకున్న దిక్కుకే పోతుంది. ఆ లాభం కూడా నడిమధ్యలో కొట్టగలిగినవాళ్లకే, ఎందుకంటే బిగువుతోపాటు వలలో మంచి దెబ్బ పలికే చోటు కుంచించుకుపోతుంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లకు 20 నుంచి 22 పౌండ్ల బిగువు చాలు. వారానికి నాలుగైదు రోజులు ఆడేవాళ్లకు 23 నుంచి 25. అంతకు పైకి వెళ్లేముందు ఒక పరీక్ష చేయండి. మీ వెనక గీత దగ్గర నిలబడి తలపై నుంచి కొట్టిన కాక్ అవతలి వెనక గీత దాకా చేరాలి. పది దెబ్బల్లో సగం మధ్యలోనే పడిపోతుంటే రెండు పౌండ్లు తగ్గించడం మేలు. ఫ్రేమ్ మీద కంపెనీ ముద్రించిన పై హద్దును మాత్రం దాటొద్దు.

తీగ మందం కూడా ఇష్టాన్ని బట్టి ఎంచుకునేదే గానీ ఆ ఇష్టానికి ఖర్చుంది. 0.70 మి.మీ. తీగ ఎక్కువ రోజులు ఆగుతుంది. 0.63 తీగ టంగుమని పలుకుతుంది, కాక్‌ను బాగా పట్టుకుంటుంది. అయితే దాని అడ్డుకోత వైశాల్యం 19 శాతం తక్కువ. అంటే అదే 24 పౌండ్లకు లోపలి ఒత్తిడి 23 శాతం ఎక్కువ. ఫ్రేమ్ అంచు దగ్గర ఒక్క తప్పు దెబ్బకు తెగేది అందుకే.

గట్టింగ్ వేసేచోట నిలబడి చూడటం మంచిది. నిలువు తీగలు సాధారణంగా 22. వెంకటగిరి మగ్గం మీద పడుగు, పేకల్లాగే ముందు నిలువువి, తర్వాత వాటి కిందా మీదా అల్లుకుంటూ అడ్డంవి వస్తాయి. నిలువువి నడిమధ్యలో మొదలుపెట్టి అటొకటి ఇటొకటి లాగాలి. అవి బిగిసేకొద్దీ ఫ్రేమ్ తల పొడవు తగ్గి వెడల్పవుతుంది. ఆ ఆకారాన్ని వెనక్కి తేవడానికే అడ్డం తీగలకు ఒకటి రెండు పౌండ్లు ఎక్కువ వేస్తారు, నిలువు 24 అయితే అడ్డం 26. తీగ దూరే రంధ్రాల్లోని ప్లాస్టిక్ గొట్టాలు పగిలి ఉంటే మార్పించండి. లేకపోతే కొత్త తీగ గ్రాఫైట్ అంచుకు ఒరుసుకుని తెగుతుంది.

ఆటలో ఒక తీగ తెగితే మిగతా వాటిని అప్పుడే కత్తిరించేయాలి. మధ్య నుంచి మొదలుపెట్టి, నిలువొకటి అడ్డమొకటిగా అంచులకు పోవాలి. అలా వదిలేస్తే ఒక పక్కే లాగే బిగువుకు ఫ్రేమ్ వంకరపోతుంది. తెగిన రెండు తీగలే మార్చే అతుకు పని చవక బ్యాట్లకు పర్వాలేదు, మంచి ఫ్రేమ్‌కు వద్దు.

ఇక ఆ 24 సంగతి. అది మెషీన్ తీగను లాగిన క్షణపు అంకె. నైలాన్ లాగి పట్టుకుంటే మెల్లగా సడలుతుంది, మొదటి రోజే దాదాపు 10 శాతం పోవచ్చు. చేత్తో తిప్పే మెషీన్ అంకె చేరగానే ఆగిపోతుంది. ఎలక్ట్రానిక్‌ది తీగ సడలేకొద్దీ లాగుతూనే ఉంటుంది. అందుకే రెండు షాపుల 24 ఒకటి కాదు. దానికి తోడు మన వాతావరణం. నైలాన్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరితే తక్కువ వేడికే మెత్తబడుతుంది. రోహిణి కార్తెలో మూసిన కారులోనో స్కూటర్ డిక్కీలోనో బ్యాట్ పెట్టి వెళ్తే, ఆడకుండానే గట్టింగ్ సగం పాడైనట్టు.

ఎంత సడలిందో చెవికి తెలుస్తుంది. తీగ పలికే స్థాయి బిగువు వర్గమూలాన్ని బట్టి మారుతుంది. గట్టింగ్ వేయించిన మర్నాడు పిడిని వదులుగా పట్టుకుని వల మధ్య వేలితో తట్టి, ఫోన్‌లోని ట్యూనర్ యాప్‌లో హెర్ట్జ్ చూసి రాసుకోండి. అది ఒక్క స్వరస్థానం దిగితే, అంటే నూటికి ఐదారు హెర్ట్జ్ తగ్గితే, బిగువు సుమారు 11 శాతం పోయినట్టే. ఉదాహరణకు 24 ఉంటే 21.4 మిగులుతుంది. ఈ పోలిక అదే బ్యాట్, అదే గట్టింగ్ మధ్యే చెల్లుతుంది.

బరువు ఎంపికలో 4యూ అంటే యోనెక్స్ లెక్కలో 80 నుంచి 84.9 గ్రాములు, 3యూ 85 నుంచి 89.9. గందరగోళమంతా బ్యాలెన్స్ దగ్గర. 84 గ్రాముల బ్యాట్ సమతూకం, అంటే వేలి మీద అటూ ఇటూ ఒరగకుండా నిలిచే చోటు, పిడి కొస నుంచి 290 మి.మీ. దగ్గర ఉందనుకుందాం. పిడికి 5 గ్రాముల గ్రిప్ చుడితే అది 279 దగ్గరికి వచ్చేస్తుంది. తల బరువు తగ్గిందని సంబరపడొద్దు. తిప్పేటప్పుడు చేతికి తెలిసే బరువు దూరం వర్గాన్ని బట్టి ఉంటుంది. పట్టుకు 5 సెం.మీ. దూరంలోని 5 గ్రాముల లెక్క 5×5×5, అంటే 125. తల దగ్గర 45 సెం.మీ. దూరంలోని ఒక్క గ్రాము లెక్క 1×45×45, అంటే 2025. తల బరువు నచ్చకపోతే బ్యాటే మార్చాలి, గ్రిప్ కాదు.

గ్రిప్ పని చెమట సంగతి చూడటం. ఈ తీరప్రాంతపు ఉక్కలో నున్నటి గ్రిప్ జారేవాళ్లకు టవల్ గ్రిప్ నయం, ఉప్పు పట్టి గట్టిపడ్డాక ఉతికి వాడొద్దు, వెనక జిగురు పోతుంది. విప్పి పారేసి, పిడి చెక్కను తుడిచి ఒక పూట ఆరనిచ్చి కొత్తది చుట్టాలి. తడి చెక్క మీద చుడితే జిగురు పట్టదు, నాలుగు రోజులకే మెలి తిరుగుతుంది.