ఆ ఐదు శాతం ఎక్కడ పెట్టారు? ఆర్‌5 గొడవ వెనుక కథ

అమరావతిలో రెండో విడత భూసమీకరణ మాట వచ్చినప్పటి నుంచి ఆర్‌5 జోన్ (రాజధాని భూమిలో పేదల ఇళ్ల స్థలాలకు గీసిన భాగం) పేరు మళ్లీ వినిపిస్తోంది. చేతిలో పట్టా ఉండి, స్థలం దక్కనివాళ్లు ఒకవైపు అడుగుతున్నారు. మ్యాప్ చూపించి భూమి తీసుకున్నాక ఆ మ్యాప్ మారదని నమ్మకం ఏమిటని రైతులు ఇంకోవైపు అడుగుతున్నారు. రాజధాని ఎలా వచ్చింది, ఎందుకు ఆగింది, మళ్లీ ఎలా మొదలైంది అన్నది తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది కృష్ణాయపాలెం, నిడమర్రు, కురగల్లు, మందడం, ఐనవోలు ఊళ్ల అంచుల్లో రాళ్లు పాతిన లేఅవుట్ల సంగతి.

చాలామంది ఈ కథను 2019 డిసెంబరు 17 నుంచి, అంటే శాసనసభలో మూడు రాజధానుల మాట వచ్చిన రోజు నుంచి మొదలుపెడతారు. కొందరు 2023 మే 26న వెంకటపాలెంలో పట్టాలు పంచిన సభ నుంచి చెబుతారు. నాకు మాత్రం 2020 అక్టోబరు చివరి వారం దగ్గర ఆగాలనిపిస్తుంది. కృష్ణాయపాలెం రైతుల చేతులకు బేడీలు పడిన వారం అది.

అప్పటికి ఎనిమిది నెలల కిందట, 2020 ఫిబ్రవరి 25న, జీవో 107 వచ్చింది. రాజధాని కోసం సమీకరించిన భూమిలో 1,251 ఎకరాలను విజయవాడ, గుంటూరు ప్రాంతాల పేదలకు ఇళ్ల స్థలాలుగా ఇవ్వాలన్నది దాని సారాంశం. జాబితాలో 54,307 మంది ఉన్నారు. ఆ జాబితా తయారయ్యేటప్పుడు ఈ ఊళ్లలో ఎవర్నీ ఏమీ అడగలేదు. మార్చిలో హైకోర్టు ఆ జీవోను ఆపేసింది. కాగితం కోర్టులో ఆగినా, ఊళ్లలో పడిన చిచ్చు ఆగలేదు. అప్పటికే మూడు రాజధానులు వద్దంటూ రైతుల శిబిరాలు నెలల తరబడి నడుస్తున్నాయి. మందడం దగ్గర మూడు రాజధానులకు మద్దతుగా ఇంకో శిబిరం వెలిసింది. అక్కడ కూర్చున్నవాళ్లు అడిగిన వాటిలో పేదలకు ఇళ్ల స్థలాలు కూడా ఒకటి.

ఆ శిబిరానికి ఆటోల్లో వెళ్తున్నవాళ్లను కృష్ణాయపాలెంలో రైతులు ఆపారు. మీరెవరు, ఏ ఊరు, ఎందుకొచ్చారని అడిగారు. మాటామాటా పెరిగింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టారు. ఏడుగురు రైతులను అరెస్టు చేశారు. వాళ్లలో దళితులూ ఉన్నారు, బీసీలూ ఉన్నారు. గుంటూరు జిల్లా జైలుకు తరలించేటప్పుడు వాళ్లకు బేడీలు వేశారు. ఆ ఫొటోలు చూసి రాష్ట్రమంతా గగ్గోలైంది. ఎస్కార్టులో ఉన్న ఆరుగురు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు. వార్తల్లో అది నాలుగు రోజులు నడిచి పక్కకు పోయింది.

నాకు ఆ రోడ్డు మీది దృశ్యమే ఈ మొత్తం గొడవకు మూలంగా కనిపిస్తుంది. ఆటోలో కూర్చున్నవాళ్లు పేదలే. ఆపినవాళ్లలోనూ రాజధానికి ఎకరం, అరెకరం ఇచ్చి ప్రభుత్వం ఇచ్చే కౌలు డబ్బుల కోసం ఎదురుచూస్తున్న మనుషులే ఎక్కువ. ఆ రోజు నుంచి ఊరి అంచు భూమి గురించిన ప్రశ్న, ఎవరు పేద, ఎవరు పేదల శత్రువు అన్న ప్రశ్నగా మారిపోయింది. తర్వాత మూడేళ్లు జరిగిన ప్రతి సభా, ప్రతి వాదనా ఆ గీతకు అటో ఇటో నిలబడే సాగాయి. స్థలం ఎక్కడ ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, ముందు ఎవరికి ఇవ్వాలి అన్న మామూలు మాటలు వినేవాళ్లు కరువయ్యారు.

నిజానికి పేదల ఇళ్లు అమరావతికి బయటి నుంచి తెచ్చి అతికించిన విషయం కాదు. 2014 సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) చట్టంలోని 53వ సెక్షన్‌లోనే అది ఉంది. సమీకరించిన భూమిలో 10 శాతం పార్కులకు, 30 శాతం రోడ్లకు, 5 శాతం బడి, ఆసుపత్రి లాంటి సౌకర్యాలకు, మరో 5 శాతం పేదల ఇళ్లకు ఉంచాలి. సుమారు 34 వేల ఎకరాలు సమీకరించారు కాబట్టి, పేదల వాటా దాదాపు 1,700 ఎకరాలు అవుతుంది. రైతులు సంతకం పెట్టిన కాగితాల వెనుక ఉన్న చట్టం ఇది. 9.3 అంగీకార పత్రం, 9.14 ఒప్పందం అంటే ఈ ఊళ్లలో చదువురాని ముసలమ్మ కూడా ఏదేమిటో చెబుతుంది. ఆ కాగితాల ప్రకారం ఎకరం మెట్ట ఇచ్చిన రైతుకు 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం రావాలి. జరీబు, అంటే నీటి వసతి ఉన్న సారవంతమైన భూమి అయితే వాణిజ్య స్థలం 450 గజాలు. పదేళ్లపాటు ఏటా 10 శాతం పెరిగే కౌలు అదనం. అది మెట్టకు ఎకరానికి 30 వేలు, జరీబుకు 50 వేల దగ్గర మొదలవుతుంది. భూమి లేని కూలీలకు నెలకు 2,500 రూపాయల పింఛను.

ఆ 5 శాతం నేల మీద ఎక్కడ ఉందో మాత్రం మొదటి ఐదేళ్లలో ఊళ్లవాళ్లకు ఎవరూ చూపించలేదు. మాస్టర్ ప్లాన్‌లో నివాస జోన్లు నాలుగే: ఇప్పుడున్న ఊళ్లకు ఆర్‌1, తక్కువ జనం ఉండే ఇళ్లకు ఆర్‌2, ఓ మాదిరి నుంచి ఎక్కువ జనానికి ఆర్‌3, కిక్కిరిసిన అపార్టుమెంట్లకు ఆర్‌4. రాజధాని ప్రాంతంలోని పేదల కోసం ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ టిడ్కో తరఫున 5,024 ఫ్లాట్లు కట్టడం మొదలుపెట్టారు. అది మంచి పనే. కానీ 1,700 ఎకరాల మాటకూ ఆ ఫ్లాట్లకూ పొంతన లేదు. ఏ ఊరికి ఎన్ని ఇళ్లు, ఆ ఊరి మాలపల్లె, మాదిగపల్లెల్లో ఒకే గదిలో రెండు కాపురాలు చేస్తున్నవాళ్లకు ఎన్ని, బయటి నుంచి వచ్చేవాళ్లకు ఎన్ని అన్న లెక్క అప్పుడే తేల్చి మ్యాప్ మీద రంగు వేసి ఉంటే, 2020లో ఇంకెక్కడో తయారైన జాబితాను తెచ్చి ఈ పొలాల మీద పరచడం అంత తేలికయ్యేది కాదు. అప్పటి ప్రభుత్వం చేసిన ఈ తప్పు గురించి రైతు సంఘాలు కూడా గట్టిగా మాట్లాడవు. మాట్లాడాలి.

అడ్రసు లేని ఆ 5 శాతానికి తర్వాతి ప్రభుత్వం తనకు నచ్చిన అడ్రసు రాసింది. 2022 మార్చి 3న మూడు రాజధానుల కేసులో హైకోర్టు రైతుల వైపు తీర్పు ఇచ్చాక, అదే ఏడాది సీఆర్‌డీఏ చట్టాన్నే సవరించారు. మాస్టర్ ప్లాన్‌లో మార్పులు ప్రభుత్వం సొంతంగా చేసుకునే వీలు కల్పించారు. అక్టోబరు చివర్లో ముసాయిదా వచ్చింది. ఐదు ఊళ్లలో 900.97 ఎకరాలతో ఆర్‌5 అనే కొత్త జోన్. గ్రామసభల్లో రైతులు లేచి వద్దన్నారు. అది ఎలక్ట్రానిక్ సిటీ లాంటి వాటికి కేటాయించిన భూమి, పరిశ్రమ వస్తుందనే, పిల్లలకు ఉద్యోగాలు వస్తాయనే ఇచ్చాం, ఆ వరసలోనే మా ప్లాట్లకు విలువ వస్తుందని లెక్క వేసుకున్నాం అని చెప్పారు. అభ్యంతరాలు రాసుకున్నారు, విన్నారు. 2023 మార్చి 21న జోన్‌ను ఖరారు చేశారు. పది రోజులకు జీవో 45 వచ్చింది. ఎన్టీఆర్, గుంటూరు జిల్లాల కలెక్టర్లకు 1,134 ఎకరాలు అప్పగించమని దాని ఆదేశం.

ఆ వేసవిలో ఈ పొలాల్లో ఏం జరిగిందో దగ్గరగా చూస్తే గానీ ఊళ్లవాళ్ల కోపం అర్థం కాదు. ఏళ్ల తరబడి దున్నని నేలలో సర్కారు తుమ్మ మనిషెత్తు పెరిగి ఉంది. జేసీబీలు వచ్చి దాన్ని పెకలించాయి. గొలుసు లాగారు. నల్లరేగడి మీద ఎర్ర గ్రావెల్ పోసి దారులు వేశారు. దారికి అటూ ఇటూ నంబర్లు వేసిన తెల్ల రాళ్లు, వరసగా, కనుచూపు మేర. ఒక్కో ప్లాటు ఒక్క సెంటు, అంటే 48.4 గజాలు. ఇటు 18 అడుగులు, అటు 24 అడుగులు నడిస్తే అయిపోతుంది. నాలుగు మంచాలు వేస్తే వంటకు చోటు వెతుక్కోవాలి. ఆ నేలను ఒకప్పుడు ఏడాదంతా దున్ని, నాటి, కోసిన రైతు గట్టు మీద నిలబడి ఆ రాళ్లు చూశాడు. తనకు రావాల్సిన 1,000 గజాల ప్లాటుకు రోడ్డు, కాలువ, కరెంటు స్తంభం ఇంకా రాలేదు. పక్కనే రాత్రింబవళ్లు పని నడుస్తోంది. మాకు ఇవ్వాల్సింది ముందు ఇవ్వండి అని ఆ రోజుల్లో ఏ శిబిరానికి వెళ్లినా వినిపించిన మాట.

ఇంకో లెక్క కూడా ఉంది. పట్టాలు 50,793. గుంటూరు జిల్లావాళ్లవి 23,762, ఎన్టీఆర్ జిల్లావాళ్లవి 27,031. ఇంటికి నలుగురు అనుకున్నా రెండు లక్షల జనం. రాజధానిలోని 29 గ్రామాల జనాభా మొత్తం కలిపినా సుమారు లక్ష. అంటే ఉన్న జనానికి రెట్టింపు జనం, కొన్ని ఊళ్ల అంచుల్లో. తాగునీళ్లు ఎక్కడి నుంచి తెస్తారు, బడి ఎక్కడ, వానాకాలం కొండవీటి వాగు పొంగితే ఆ పల్లపు లేఅవుట్ల సంగతేమిటి, వచ్చినవాళ్లు రోజూ విజయవాడ పనికి వెళ్లాలంటే బస్సేదీ అన్నవి ఊళ్లవాళ్లు అడిగిన ప్రశ్నలు. వీటిని పేదల మీద ద్వేషం అనడం అన్యాయం. ఒక ఊరు తన అంచున ఇంకో పట్టణం పుడుతుంటే అడగాల్సిన మొదటి ప్రశ్నలే ఇవి.

అప్పటి ముఖ్యమంత్రి జగన్మోహన్ రెడ్డి వాదన వేరు. రాజధాని ఏ కొందరిదో కాకూడదు, పేదలు వస్తే సామాజిక సమతుల్యం దెబ్బతింటుందని కోర్టుకెళ్లిన వాళ్లున్నారు, నేను కట్టేది సామాజిక అమరావతి అని వెంకటపాలెం సభలో ఆయన చెప్పారు. పట్టాలు ఇచ్చింది మహిళల పేరు మీద, 25 లేఅవుట్లలో, చివరికి 1,402 ఎకరాలకు పెరిగిన స్థలంలో. చట్టంలోని 5 శాతం లోపే ఇస్తున్నామన్నది ప్రభుత్వం తరఫు మాట. అంకెల వరకు అది నిజం. సామాజిక సమతుల్యం లాంటి మాట ఏ నోటి నుంచి వచ్చినా తప్పే, ఆ మాట రైతుల వాదనకు చేసిన నష్టం ఇంతా అంతా కాదు.

అయితే ఆ పట్టా ఎంత గట్టిదో తీసుకున్నవాళ్లకు ఎవరైనా విడమరిచి చెప్పారా? 2023 మే 5న హైకోర్టు స్టే ఇవ్వలేదు గానీ అంతా తుది తీర్పుకు లోబడే అంది. మే 17న సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. విజయవాడ కొండ మీద అద్దె గదిలో ఉంటున్న మనిషికి ‘లోబడి’ అన్న ఆ ఒక్క మాట బరువు తెలియదు. ఆమె పట్టా తీసుకుంది, ఫొటో దిగింది, ఇంటికి తెచ్చి ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచుకుంది. జులై 24న కృష్ణాయపాలెంలో ఇళ్లకు శంకుస్థాపన జరిగింది. సరిగ్గా పది రోజులకు, ఆగస్టు 3న, హైకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇళ్ల నిర్మాణాన్ని ఆపేసింది. స్థలం ఉంది, ఇల్లు కట్టడానికి లేదు. కోర్టులో తేలని భూమి మీద ఎన్నికల ముందు ఏడాది ఇళ్లు మొదలుపెట్టిన తొందర ఆ మహిళలకే ఎక్కువ నష్టం చేసింది.

2024లో ప్రభుత్వం మారింది. ఆర్‌5లో పట్టాలు పొందిన బయటి ప్రాంతాలవాళ్లకు వాళ్ల వాళ్ల చోట్లే స్థలాలు చూపిస్తామని కొత్త ప్రభుత్వం చెప్పింది. ఐదు ఊళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. కానీ ఈ ఊళ్లలోనే పుట్టి, భూమి లేక, కూలికి పోతూ, పొలాలు రాజధానికి పోయాక ఆ కూలి కూడా పోగొట్టుకున్నవాళ్ల సంగతి ఈ మొత్తం కథలో ఎవరి ప్రసంగంలోనూ నాలుగు వాక్యాలకు మించి లేదు. రైతుకు ప్లాటు ఉంది, కౌలు ఉంది, కోర్టులో లాయరు ఉన్నాడు. బయటివాళ్లకు పట్టా ఉంది, వెనకాల ఒక పార్టీ ఉంది. కూలికి మిగిలింది నెలవారీ పింఛనే. ఆ 5 శాతంలో మొదటి హక్కు వాళ్లదని నేను అనుకుంటాను.

ఇప్పుడు రెండో విడతలో వైకుంఠపురం, పెదమద్దూరు, ఎండ్రాయి, కర్లపూడి, వడ్డమాను, హరిశ్చంద్రపురం, పెదపరిమి ఊళ్లలో 16 వేల ఎకరాలకు పైగా సమీకరించాలని నిర్ణయించారు. అదే లెక్కన చూస్తే పేదల వాటా 800 ఎకరాల పైమాటే. ఈసారి రైతు సంతకం పెట్టకముందే ఆ 800 ఎకరాలు ఏ సర్వే నంబర్లలో వస్తాయో, అందులో ఆ ఏడు ఊళ్ల కూలీలకు ఎంతో గ్రామసభలో మ్యాప్ గోడకు కొట్టి చూపించాలి. కృష్ణాయపాలెంలో మొదటి విడతలో ఆ పని చేయలేదు. 2020 అక్టోబరులో రోడ్డు మీద ఆటోను ఆపి, మీరెవరు, ఏ ఊరు అని అడగాల్సి వచ్చింది అందుకే.